నీలిబాన వాసన

మార్చి 4

ఈ పుస్తకానికి ముందువైపు పేజీలు మా శాలువాలు కొనే కంపెనీవి. గళ్లు అచ్చువేసి ఇచ్చారు. నీలిబానలో ఏ రోజు ఎంత సున్నం పడింది, ఎంత తవుడు పడింది, ఎన్ని బట్టలు మునిగాయి, అన్నీ ఆ గళ్లలో నింపాలి. వెనకవైపు పేజీలు ఖాళీ. అవి నావి. పుస్తకం తిరగేసి రాయమన్నాను. నాకు అక్షరం ముక్క రాదు. చెప్పేది నేను, రాసేది కోడలు. ఒక్క మాట కలపడానికి వీల్లేదు, ఒక్క మాట మింగడానికి వీల్లేదు.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. ఇరవయ్యో తేదీన కంపెనీ పెద్దాఫీసరు వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఏం జరిగిందో చెప్పమంటాడట. నేను చెప్పింది రాసి, నా వేలిముద్ర తీసుకుంటాడట. అప్పటిదాకా ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోకుండా రోజూ చదివించుకుని వింటాను. బుర్ర బాగానే ఉంది. జాగ్రత్త కోసం, అంతే.

నా కేసు ఇది.

మా నీలిబాన చచ్చిపోయింది. నలభై ఒక్క ఏళ్ల బాన. పెళ్లయిన ఏడాది మా ఆయన పెరటి కొట్టంలో నేల తవ్వి, నా మెడదాకా వచ్చే మట్టిబానను నడుందాకా పాతాడు. నీలిమందు ముద్ద, సున్నం, తవుడు, కాస్త బెల్లం, నీళ్లు. పదకొండు రోజులకు పులిసి ప్రాణం పోసుకుంది. ఆ రోజు నుంచి ఆ నీళ్లు ఒక్క చెంబు పారబోసింది లేదు. తగ్గినంత పోశాం, తిన్నంత పెట్టాం. బట్ట ముంచితే ఆకుపచ్చగా పైకొచ్చేది, గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమయ్యేది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. బాన పోలేదు.

ఇప్పుడు పోయింది. మొన్న ముంచిన శాలువాలు బూడిదరంగులో పైకొచ్చాయి. ఉతికితే ఆ బూడిద కూడా నీళ్లతోపాటే పోయింది. పైన రాగి మీగడలా ఒక పొర కట్టేది. అదీ లేదు.

చంపింది కంపెనీ తనిఖీ అమ్మాయి. పోయిన నెల ఇరవై నాలుగున వచ్చింది. పర్యావరణం అంది, నీటి పొదుపు అంది, బాన నిండా కంటికి కనపడని క్రిములు ఉంటాయి, దాని ప్రాణమే అవి అని నాకే పాఠం చెప్పింది. చెప్పి, నన్ను అడక్కుండానే చెయ్యి మణికట్టుదాకా బానలో ముంచింది. ఆ చేతికి క్రిములు చచ్చే మందు రాసుకుని ఉంది. ఈ కాలం వాళ్లు చిన్న సీసాలో పెట్టుకు తిరుగుతారే, అది. ఇంక బాన బతుకుతుందా? ఆ మందు వాసన నాకు గుమ్మం దగ్గర్నుంచే వచ్చింది.

ఏమ్మా, కలం ఆగిందేం? రాయి. వాసన వచ్చింది. గుమ్మం దగ్గర్నుంచే.

మార్చి 5

కొడుకు నా పక్కన చేరి కూర్చున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. గాభరా మనిషి. చిన్నప్పుడు చెప్పు తెగినా ఇల్లు కూలినట్టే ఏడ్చేవాడు.

"అమ్మా, ఈ మాట మీదే నిలబడు. తప్పు వాళ్లదని తేలితే గడువు పొడిగిస్తారు. మనదని తేలితే ఆర్డరు పోయినట్టే."

"ఆ పిల్ల సంగతేమిటి?"

"ఏముంది, తీసేస్తారు."

"ఎక్కణ్ణుంచి?"

"పనిలోంచి. ఇంకెక్కణ్ణుంచి తీస్తారు?"

వాడు ప్రతి శాలువాకూ ఒక చీటీ కుట్టిస్తున్నాడు. దానిమీద 'నలభై ఏళ్ల సజీవ నీలం, భూమికి హాని చేయని రంగు' అని రాసి ఉంటుందట. ఆ చీటీ కుట్టిన శాలువాను తీసుకెళ్లి ప్లాస్టిక్ కవరులో పెడతాడు.

"భూమికి హాని చెయ్యని దాన్ని భూమిలో కరగని దాంట్లో చుడతావేమిట్రా?"

"దుమ్ము పడుతుందమ్మా."

"దుమ్ము దులిపితే పోతుంది."

వాడికి నవ్వొచ్చింది. వారం రోజుల తర్వాత వాడి మొహంలో నవ్వు చూశాను. ఆ ఊపులో అసలు మాట బైటపెట్టాడు. బజారులో పొడి దొరుకుతుందట. నీలిమందులో కలిపితే గంటలో బాన లేస్తుందట.

"లేచేది బాన కాదురా. పొడి" అన్నాను.

"చూసేవాళ్లకు తేడా తెలీదు కదా."

"నాకు తెలుస్తుంది."

వాడు వెళ్లాక చాలాసేపు ఆ మాటే నోట్లో తిరిగింది. నాకు తెలుస్తుంది, నాకు తెలుస్తుంది.

మార్చి 7

ఎదురింట్లో ఉండే మా తోడికోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. రెండ్రోజులుగా మా కొట్టంలోంచి కంపు వీధిలోకి కొడుతోందట. వెతికితే బాన వెనక సందులో ఎలుక. చచ్చి ఉబ్బింది. ఆ రెండ్రోజులూ నేను ఆ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను.

"ఎలా కూర్చున్నావక్కా దీని పక్కన?"

"నీలాంటి నాజూకు ముక్కు కాదు నాది. నలభై ఏళ్లు పులిసిన బాన పక్కన బతికినదాన్ని. ఎలుక ఒక లెక్కా?"

కోడలు చీపురు పట్టుకుని నావైపే చూస్తూ నిలబడింది. ఎలుకను తియ్యమంటే నన్ను చూస్తుందేం? నేనా ఎలుకను?

మార్చి 8

బాన మూత తీశాను. పెట్టేశాను.

మార్చి 10

ఒక దారి తోచింది. ఇరవై ఏళ్ల కిందట అన్నదమ్ములు వేరుపడినప్పుడు మా ఆయన మా బానలోంచి రెండు కడవల నీళ్లు తమ్ముడి బానలో పోశాడు, తోడు పెట్టినట్టు. ఆ బానలో ఉన్నది మా బాన ప్రాణమే. రెండు కడవలు వెనక్కి అడిగితే సరి. తోడికోడలి ముందు చెయ్యి చాచడం నాకు చచ్చినంత పని. అయినా వెళ్లాను.

బాన మీద పలక పరిచి కుట్టుమిషను పెట్టుకుంది. పలక జరిపించి లోపలికి చూశాను. అడుగున ఎండిన నీలి పెంకు, ఒక పగిలిన బకెట్టు.

"మా ఆయన పోయాక దాన్ని ఎవరు చూస్తారక్కా? మీది ఉందిగా అనుకున్నాను."

నేనూ ఇన్నాళ్లూ వాళ్లది ఉందిగా అనుకున్నాను.

మార్చి 12

ఇవాళ మొదటి నుంచీ చదివించుకున్నాను. కోడలు అంతా ఒకే గొంతుతో చదివింది. "గుమ్మం దగ్గర్నుంచే" అన్నచోట మాత్రం గొంతు తగ్గించింది. గట్టిగా చదవమన్నాను. గట్టిగా చదివింది. అప్పుడు నాకే బాగోలేదు.

ఆఫీసరు అడిగితే చెప్పాలి కదా, బానను ఎలా చూసుకుంటామో. అదీ రాయి. పొద్దున్నే, నోట్లో ఏమీ వేసుకోకముందు, ఎవరితోనూ మాట్లాడకముందు, మూత తీసి తల లోపలికి పెట్టాలి. పుల్లగా గుప్పుమంటే కుళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు. అప్పుడు సున్నం వెయ్యాలి. వాసన సన్నగిల్లి, కొత్తగా సున్నం కొట్టిన గదిలా ఉంటే సున్నం ఎక్కువైనట్టు. అప్పుడు సున్నం ఆపి తవుడు పెట్టాలి. ఒంట్లో బాగుంటే తడినేల మీద పచ్చగడ్డి నలిపినట్టు ఉంటుంది. మా ఆయన దాన్ని పలకరింపు అనేవాడు. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి, ముక్కు ఒక్కటే నిజం చెబుతుంది అనేవాడు. తన ముక్కుకన్నా నాది గట్టిదని మూడో ఏడే ఒప్పుకుని ఆ పని నాకు అప్పగించాడు. ఆయన ముంచేవాడు. బానకు పెద్దను నేను. ఏమి వెయ్యాలో, ఎంత వెయ్యాలో నేను చెప్పాలి.

జనవరిలో నాకు జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు. తగ్గింది.

ఇక్కడితో ఆపు.

మార్చి 14

తనిఖీ అమ్మాయి వచ్చింది. ఆఫీసుకు చెప్పకుండా, సెలవు పెట్టుకుని, బస్సులో. భుజాన గుడ్డసంచి, అందులో స్టీలు సీసాలో తన నీళ్లు తనే తెచ్చుకుంది.

"అమ్మమ్మగారూ, లోపలికి రావచ్చా?"

"నేను నీకు అమ్మమ్మను ఎప్పుడయ్యాను? రా. ఆ చెయ్యి మాత్రం బైట పెట్టి రా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బాన పక్కన నేల మీదే కూర్చుంది.

"బస్సు ఎక్కేటప్పుడు రాసుకున్నానండీ ఆ మందు. మీ ఇంటికి వచ్చేసరికి రెండు గంటలైంది. ఆరిపోయిందనుకున్నాను. అలా ముంచకూడదు. నీళ్లు వెచ్చగా ఉన్నాయని మీరు చెబుతుంటే... ముట్టుకోవాలనిపించింది."

ఆ రోజు ఆ పిల్ల బానలో కాగితం ముక్క కూడా ముంచింది. సున్నం ఎక్కువైందో తక్కువైందో ఆ కాగితం రంగు మారి చెబుతుందట. నీలి నీళ్లలో ముంచితే నీలమే తేలింది. ఇంకేం చెబుతుంది?

"మీ పుస్తకం ఒకసారి చూడొచ్చా?" అంది. కోడలు తెచ్చి ఇవ్వడానికి ఆలస్యం చేసింది. నేను కేకేశాను. ఆ పిల్ల ముందు పేజీలు తిప్పుతూ పైకి చదివింది.

"మూడు రోజులకు ఒక గరిటె సున్నం. మళ్లీ మూడు రోజులకు ఒక గరిటె. జనవరి, ఫిబ్రవరి, ఎక్కడా తేడా లేదు." పుస్తకం మూసింది. "మీరు ఒక్క తప్పూ చెయ్యలేదు. అంటే నా చెయ్యే. నలభై ఏళ్లదాన్ని నేను చంపేశాను."

ఏడ్చింది. చప్పుడు లేకుండా, కళ్లు తుడుచుకోకుండా, ఎవరో చెంబుతో కుమ్మరించినట్టు.

"మళ్లీ చదువు" అన్నాను.

"మూడు రోజులకు ఒక గరిటె."

నేను చెప్పింది అది కాదు. జ్వరం తగ్గినప్పటి నుంచి రోజుకొక గరిటె. కొన్ని రోజులు రెండు. కుళ్లిపోతుందేమోనని భయం. ప్రతి పొద్దునా వేసి కోడలికి చెప్పాను. ఒకటి, రాసుకో. రెండు, రాసుకో.

కోడలు గుమ్మంలో ఉంది. ఆ పిల్ల కోసం తెచ్చిన నీళ్లగ్లాసు ఇవ్వడం మరిచిపోయి, పట్టుకుని అలాగే నిలబడింది.

మార్చి 15

ఏమీ లేదు. తేదీ వేసి వదిలెయ్యి.

మార్చి 16

ఇవాళ నువ్వన్న మాటలు కూడా రాయాలి. నీ మాటలు నువ్వు రాసుకోవడానికి సిగ్గెందుకు?

ఎందుకు మార్చావని అడిగాను.

"నేను మీకు చెప్పాను అత్తయ్యా, ఫిబ్రవరి మొదట్లో. కొత్తగా సున్నం కొట్టిన గది వాసన వస్తోందని."

చెప్పింది. బట్టలు ఉతికే ఆడవాళ్లు నలుగురి ముందు నేనేమన్నానో కూడా రాయి. నీ ముక్కు చీదుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు అన్నాను. వాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వినందుకు నాకు సంతోషంగా ఉండింది.

"అంకెలెందుకు తగ్గించావు?"

"ఆ పుస్తకం కంపెనీవాళ్లు చదువుతారు. ముసలావిడకు చేతకావడం లేదు, వేరే మనిషిని పెట్టండి అంటారు. ఆ మాట మీరు వాళ్ల నోట వినకూడదనుకున్నాను."

"నా ముక్కు సంగతి నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పొయ్యి దగ్గర మీ కొంగు కమిలిన రోజు నుంచి. వంటిల్లంతా కంపు. మీరు కూర తరుగుతూనే ఉన్నారు."

"నాకు చెప్పొచ్చుగా?"

"మీకు తెలుసుగా అత్తయ్యా."

తెలుసు. రాయి. జ్వరం తగ్గిన మూడోరోజు పొద్దున్నే లేచి బానలో తల పెట్టాను. ఏమీ లేదు. మా ఆయన్ను సాగనంపిన మర్నాడు కూడా బాన నన్ను పలకరించింది. ఆ పొద్దున పలకరించలేదు. అలిగిందనుకున్నాను. పన్నెండు రోజులు పలకరించలేదని కోపం వచ్చిందనుకున్నాను. మర్నాడూ లేదు. తప్పు బానదే అనుకున్నాను, నాది అనుకోవడానికి మనసు రాలేదు. నాలుక మీద వేసుకుని చూశాను. నాలుకా ఏమీ చెప్పలేదు. ఎవరినైనా అడగొచ్చు. నువ్వు పక్కనే ఉన్నావు. అడిగితే బానకు పెద్ద ఎవరు?

అందుకని సున్నం వేశాను. ఏమీ తెలియనప్పుడు ఏదో ఒకటి చేస్తుంటే తెలిసినట్టు ఉంటుంది.

మార్చి 17

కొడుక్కి చెప్పాను. తల పట్టుకున్నాడు.

"అమ్మా, నీ ముక్కు సంగతి ఎవరికి తెలుస్తుంది? పుస్తకంలో సరిగ్గానే ఉందిగా!"

"పుస్తకంలో సరిగ్గా ఉండబట్టే ఆ పిల్ల ఏడ్చిందిరా."

"ఇది పోతే ఇంకో కంపెనీ రాదు. ఉతికే నలుగురికీ పని ఉండదు. ఆ అమ్మాయికేం, చదువుకుంది, ఇంకోచోట దొరుకుతుంది."

"బాన చంపిన మనిషి అని పేరు పెట్టుకుని ఎక్కడికి పోతుంది?"

వాడన్న దాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. తినే కంచం పక్కకు తోసి వెళ్లిపోయాడు.

ముందు పేజీల్లో ఉన్న అంకెలన్నీ కొట్టేయించి, పక్కన అసలువి రాయించాను. ఏ రోజు ఎన్నో నాకు గుర్తులేకపోతే కోడలు చెప్పింది. ఒక్కటీ మరిచిపోలేదు. అబద్ధం రాసినవాళ్లకు నిజం బాగా గుర్తుంటుంది కాబోలు.

మార్చి 20

పెద్దాఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బైట విడిచి, నేను కూర్చోమన్నాకే కూర్చున్నాడు. తనిఖీ అమ్మాయి గోడవారన నిలబడింది. కొడుకు నావైపు చూడలేదు.

ఇన్ని రోజులు చదివించుకుని విన్న కేసు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"బానను చంపింది నేను. సున్నం ఎక్కువ వేసి చంపాను. జనవరి నుంచి నాకు వాసన తెలియడం లేదు."

"మందు వాసన గుమ్మం దగ్గర్నుంచే వచ్చిందని మీవాళ్లు మాకు ఉత్తరం రాశారు కదండీ?"

"అది నేను చెప్పిన అబద్ధం. మా వాడు నమ్మి రాశాడు."

ఆయన పుస్తకం తిప్పి కొట్టేసిన అంకెలు చూశాడు. "ఇవి ఎవరు మార్చారు?"

కోడలు నోరు తెరవబోయింది. "నేనే" అన్నాను.

"మీకు రాయడం రాదు కదా."

"నా కోడలి చెయ్యి అంటే నా చెయ్యే. ఎక్కడ వెయ్యాలి వేలిముద్ర?"

వేశాను. నా బొటనవేలికి నలభై ఏళ్ల నీలం పట్టి ఉంది. వాళ్ల సిరా దానిమీద సరిగ్గా అంటుకోలేదు. మూడుసార్లు వేయించుకున్నారు.

ఆర్డరు పోయింది. కొత్త బాన లేచాక కబురు పెట్టండి అన్నాడు ఆఫీసరు. అది మర్యాదకు అన్న మాట అని నాకు తెలుసు. ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నా నీలం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే విదిలించేదాన్ని.

మార్చి 28

కొడుకు నాలుగు రోజులకు నోరు విప్పాడు. బానలో నీళ్లు వీధి కాలవలోకి తోడించేద్దాం అన్నాడు. నలభై ఒక్క ఏళ్లు ఒక్క చెంబు పారబొయ్యలేదు, ఇప్పుడు పోస్తానా? మొక్కలకు పోస్తే అంత సున్నానికి మాడిపోతాయి.

"అంతా సున్నమే కదా అత్తయ్యా, గోడకు కొడితే?" అంది కోడలు.

మూడు రోజులు పట్టింది. కొట్టానికి నాలుగు గోడలూ, పెరటి గోడా. కోడలు పైన కొట్టింది, నేను కూర్చుని అందినంత మేర కింద కొట్టాను. మధ్యలో కొడుకు వచ్చి, చొక్కా విప్పి, నా చేతిలో కుంచె లాక్కున్నాడు. తడిగా ఉన్నప్పుడు ఏమీ కనపడలేదు. ఆరాక లేత నీలం. ఉతికి ఉతికి వెలిసిపోయిన పాతబట్ట నీలం.

మా ఆయన కట్టిన బాన అంతా ఇప్పుడు గోడల మీద ఉంది.

ఏప్రిల్ 2

బాన అడుగు గీకి, కడిగి, ఎండబెట్టి, కొత్త నీళ్లు పోశాం. నీలిమందు, సున్నం, తవుడు, బెల్లం. ముందు పేజీ కొత్తది తిప్పి "సున్నం ఒక గరిటె" అని రాసింది కోడలు. చెప్పింది తనే, రాసింది తనే. నేను పీట మీద కూర్చున్నాను.

ఉతికే ఆడవాళ్లు వేరేచోట పని చూసుకున్నారు. ఒకావిడ మాత్రం రోజూ ఒకసారి తొంగిచూసి పోతోంది.

ఏప్రిల్ 6

"ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదు అత్తయ్యా."

ఏప్రిల్ 9

ఏమీ అనడం లేదట.

ఏప్రిల్ 13

పదకొండు రోజులు అయిపోయాయి. మా ఆయన చేతికి పదకొండు రోజులకే లేచింది. కోడలి మొహం పీక్కుపోయింది. రోజూ చీకటితోనే లేచి, నోరు కూడా పుక్కిలించకుండా బానలో తల పెడుతోంది. "నా ముక్కు పనికిరాదేమో అత్తయ్యా" అంది. నవ్వుతూనే అంది. నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"ఆ మాట నేనన్నది బట్టలు ఉతికేవాళ్ల ముందు. ఇప్పుడు చెబుతున్నది ఎవరూ లేనప్పుడు. ఇదే నిజం. నీకు ఫిబ్రవరిలోనే తెలిసింది. నాకన్నా ముందు తెలిసింది."

కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను వేరేవైపు చూశాను.

ఏప్రిల్ 17

ఇవాళ అడగలేదు. తనూ చెప్పలేదు.

ఏప్రిల్ 21

పొద్దున్నే కొట్టంలోకి వెళ్లేసరికి కోడలు బాన అంచు పట్టుకుని, తల లోపల పెట్టి, కదలకుండా ఉంది. నాకు భయం వేసింది. అప్పుడు తల ఎత్తింది.

"ఏదో ఉంది అత్తయ్యా."

"పచ్చగడ్డా? తడినేలా?"

"కాదు. వాన వెలిశాక ఇనప గేటు పట్టుకుంటే చేతికి వస్తుందే, ఆ వాసన."

మా ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. ఇనప గేటు వాసన నా బాన వాసన కాదు. అది బతికిన వాసనో, చెడిన వాసనో చెప్పగలిగినవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు. బట్ట ముంచి చూద్దామా అంటే కోడలు వద్దంది. ఇంకో మూడు రోజులు ఆగాలంది. అంత గట్టిగా నాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆగుతాను.

నా మనసు కుదుటపడాలని అబద్ధం చెబుతోందేమో. చెప్పగలదు. నా కోసం రెండు నెలలు అంకెలే మార్చిన మనిషి.

ముందు పేజీలో రాయి: ఇనప గేటు వాసన. వెనక పేజీల్లో ఒక్కటీ చింపొద్దు. గుమ్మం దగ్గర్నుంచే వచ్చిందన్న పేజీ కూడా ఉండనీ.

తను పుస్తకం తేవడానికి వెళ్లినప్పుడు మూత మళ్లీ తీశాను. అలవాటు కొద్దీ తల లోపలికి పెట్టాను. ఏమీ లేదు. కానీ మొహానికి వెచ్చగా తగిలింది. నాకు తెలిసింది అంతవరకే. ఆ పైన ఏమిటో, తనే చెప్పాలి.